గోదావరికి అటూ ఇటూ ఒకే పొర కోసం: ఆస్ట్రకాడ్ల ప్రాజెక్టు డైరీ

డిసెంబర్ 4, గౌరీపట్నం

క్వారీ అడుగుకు చేరేసరికి ఉదయం ఏడున్నర. కాళ్ల కింద నల్లరాయి, తలెత్తితే పైన మళ్లీ నల్లరాయి, ఆ రెండింటి నడుమ లేత పసుపు, బూడిద రంగు పొరలు. మేం ముగ్గురం, నేనూ నా ఇద్దరు విద్యార్థులూ, ఆ నడుమ పొరల కోసమే వచ్చాం. కంకర కొట్టేవాళ్లకు అది పనికిరాని మట్టి, తవ్వి పక్కన పోస్తారు. మాకు మాత్రం ఆ మట్టే కావాలి.

మేస్త్రీ ముందే చెప్పాడు: "మేడం గారూ, పదకొండింటికి తూటాలు పేలుస్తాం. పదిన్నరకల్లా పైకి వచ్చేయండి. అయినా ఆ మట్టిలో ఏముందని?" ఆలిచిప్పలు దట్టంగా ఉన్న పొర దగ్గరికి తీసుకెళ్లి నా భూతద్దం చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు. "సముద్రం ఇక్కడిదాకా వచ్చిందా అండీ?" అని అడిగాడు. వచ్చింది. కింది నల్లరాయి లావాగా పారి చల్లారాక, పై నల్లరాయి ఇంకా రాకముందు, ఇక్కడ ఉప్పునీటి కయ్యలూ మడుగులూ ఉండేవి. 6.6 కోట్ల ఏళ్ల నాటి సరిహద్దుకు, అంటే డైనోసార్లు అంతరించిన కాలానికి, చాలా దగ్గరి ముచ్చట ఇది.

మొదటి పేజీ కాబట్టి పనేమిటో రాసి పెట్టుకుంటున్నాను. నదికి పడమట గౌరీపట్నం, తూర్పున రాజమహేంద్రవరాన్ని ఆనుకుని ఉన్న కాతేరు. రెండు చోట్లా రెండు లావా పొరల మధ్య ఇలాంటి మట్టే ఉంది. ఇక్కడి ఏ అడుగు అక్కడి ఏ అడుగుకు సమానం? ఆస్ట్రకాడ్లు, అంటే రెండు చిప్పల మధ్య ఒదిగి ఉండే అతిచిన్న నీటి ప్రాణులు, వాటి పెంకులు పట్టుకుని ఈ ప్రశ్నకు ఎంతవరకు జవాబు చెప్పగలమో చూడాలి.

నమూనాలు కింది నుంచి పైకి తీశాం. పైనుంచి మొదలుపెడితే రాలిన పొడి కింద ఇంకా తీయని పొరల మీద పడుతుంది. ముందు ఎండకూ వానకూ పాడైన పైతొక్కను జానెడు లోతున చెక్కేసి, తాజా మట్టి కనిపించాక ప్రతి 20 సెం.మీ.కు ఒక సంచి నింపాం. చీటీ సంచి లోపల ఒకటి, బయట ఒకటి, రెండూ పెన్సిలుతో రాసినవే. తడిస్తే సిరా చెదిరిపోతుంది.

డిసెంబర్ 5, కాతేరు

రోడ్డు వంతెన మీదుగా నది దాటి వచ్చాం. ఇక్కడ పొర పలచగా ఉంది, ముళ్లపొదలు కప్పేశాయి, నిటారుగా తెగిన ముఖం దొరకడం కష్టమైంది. ఒకచోట దాదాపు 40 సెం.మీ. మేర పైనుంచి జారిన మట్టి అడ్డుపడి అసలు పొర కనిపించలేదు. తవ్వడానికి పార లేదు, సాయంత్రమైంది. ఖాళీ వదిలేసి వచ్చాం. మంచి పని కాదని ఇప్పుడే తెలుస్తోంది. నోట్సులో ఆ ఖాళీని ఎర్రగీతతో గుర్తుపెట్టాను.

డిసెంబర్ 9

కడగడం మొదలైంది. ఒక్కో సంచి నుంచి 200 గ్రాములు తూచి, తక్కువ వేడిలో ఆరబెట్టి, ఇంకా వెచ్చగా ఉండగానే చాకలి సోడా కలిపిన వేడినీళ్లలో వేస్తాం. బాగా ఆరిన బంకమన్ను నీళ్లు తగలగానే విడిపోతుంది. తడిగా ఉన్నప్పుడే వేస్తే ముద్దలా కూర్చుంటుంది, ఎంత కలిపినా కదలదు. మా విద్యార్థికి ఇది నమ్మబుద్ధి కాలేదు. "ఆరబెడితే ఇంకా గట్టిపడదా మేడం?" అని అడిగాడు. రెండు గాజుపాత్రల్లో పక్కపక్కనే చేసి చూపించాను.

విడిపోయిన మట్టిని వరుసగా పేర్చిన జల్లెడల మీద సన్నటి ధారతో కడుగుతాం. అన్నింటికన్నా అడుగున ఉండేది 63 మైక్రాన్ల జల్లెడ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సాధారణంగా ఆస్ట్రకాడ్లకు అది చాలు, కానీ మేం దాని కింద 38 మైక్రాన్లది కూడా పెట్టాం. కారణం ఫొరామినిఫెరా, అంటే పెంకు కట్టుకునే ఏకకణ సముద్ర జీవులు. డైనోసార్లు అంతరించిన ఆ మహావినాశనం తర్వాత సముద్రంలో మిగిలిన ఫొరామినిఫెరా మరీ చిన్నవి. 63 దగ్గర ఆగితే వాటిలో చాలా భాగం కాలువలో కలిసిపోతాయి.

సున్నం ఎక్కువగా ఉన్న గట్టి ముక్కలు సోడాకు లొంగలేదు. వాటిని పలుచని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వేశాం. గడియారం పెట్టుకుని పక్కనే కూర్చోవాలి. ఎక్కువసేపు ఉంచితే పలుచటి చిన్న పెంకులు ముందు కరుగుతాయి. అప్పుడు పిల్ల పెంకులు లేని నమూనా తయారవుతుంది. దాన్ని చూసి, ఇక్కడ పిల్లలు లేవు కాబట్టి పెంకులు ఎక్కడి నుంచో కొట్టుకొచ్చాయి అని తప్పు తీర్పు చెప్పేస్తాం. పదార్థం మన చేతుల్లో పాడయ్యే ఇలాంటి చోట్లు ఈ పనిలో చాలా ఉన్నాయి.

డిసెంబర్ 14

మొదటి పళ్లెం మైక్రోస్కోప్ కింద పెట్టాం. గీతలు గీసిన నల్ల పళ్లెంలో పొడిని పలుచగా చల్లి, ఒక్కో గడీ చూసుకుంటూ, తడిపిన సన్నటి కుంచె మొనతో పెంకుల్ని ఏరాలి. రెండు గంటల్లో ఒక పళ్లెం అయితే గొప్ప.

ఆస్ట్రకాడ్లంటే ఏమిటో మా పిల్లలకు చెప్పడానికి నాకు దొరికిన మంచి పోలిక పెసలు. రొయ్యలకూ పీతలకూ దూరపు బంధువులు ఇవి. చాలావరకు అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల లోపే ఉంటాయి. ఒళ్లంతా రెండు చిప్పల మధ్య దాచుకుంటాయి, వీపు దగ్గర ఆ రెంటినీ కలిపే కీలు ఉంటుంది. చచ్చాక చిప్పలు మూసుకునే ఉంటే నిండు పెసర గింజ, విడిపోతే పెసర బద్ద. అప్పటి నుంచి మా ప్రయోగశాలలో 'గింజ', 'బద్ద' అనే మాటలే నిలిచిపోయాయి. లెక్కల పుస్తకంలో కూడా అవే గళ్లు.

జి-7 నమూనా నిండుగా ఉంది (జి అంటే గౌరీపట్నం, కె అంటే కాతేరు, అంకె కింది నుంచి పైకి వరస). చిప్ప లోపలివైపు తిప్పి దీపం వెలుగు పక్కనుంచి పడనిస్తే, మూసే కండరం అంటుకున్న చోట వరుసగా మచ్చలు కనిపిస్తాయి. కుటుంబాన్ని గుర్తుపట్టడానికి ఆ మచ్చల అమరిక పెద్ద ఆధారం. పైన ఉన్న నగిషీ చూసి మురిసిపోతాం కానీ, జాతి ఏదో చాలాసార్లు లోపలి మచ్చలూ కీలు పళ్లూ చెబుతాయి.

విద్యార్థిని ఒక బద్దను మైక్రోస్కోప్ కింద చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. "మేడం, వేలిముద్ర!" నిజంగానే చిప్ప మీద ఒకదాని లోపల ఒకటిగా చుట్టలు తిరిగిన సన్నటి గీతలు. జోనోసైప్రిస్ ఇలాగే ఉంటుంది. మంచినీటి మడుగుల జాతి ఇది, దక్కన్ లావా పొరల మధ్య మట్టిలో చాలాచోట్ల దొరికింది. దొరికింది ఒక్కటే, అదీ అంచు విరిగింది. పేరు పక్కన ప్రశ్న గుర్తు పెట్టించాను. అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఉండనీ. ప్రశ్న గుర్తు పెట్టడం అలవాటు కావాలి.

డిసెంబర్ 21

ఇవాళ్టిది పూర్తిగా రాసి తీరాలి.

గౌరీపట్నం పైభాగపు నమూనా జి-15లో అద్భుతమైన గింజ దొరికింది. ఎక్కడా గీత పడలేదు, గాజులా మెరుస్తోంది. పక్కనున్న పెంకులన్నీ సుద్దముక్కల్లా తెల్లగా, మసకగా ఉంటే ఇదొక్కటే వెలుగు లోపలికి పోయేంత పారదర్శకంగా ఉంది. ఇద్దరు పిల్లలూ సంబరపడ్డారు. నేనూ పడ్డాను. ఫొటో తీద్దామని సూదితో నెమ్మదిగా తెరిచాను. లోపల ఎండిపోయిన కాళ్లు ఉన్నాయి. అంచున సన్నటి వెంట్రుకలు.

అది శిలాజం కాదు. నిన్నమొన్నటి వరకూ బతికి ఉన్న ప్రాణి.

ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికి సాయంత్రం దాకా పట్టింది. మేం కడగడానికి వాడుతున్నది మేడ మీది తొట్టి నీళ్లు. మూత సరిగ్గా లేదు, అడుగున నాచు. ఒక సీసాలో ఆ నీళ్లు పట్టి చూస్తే ఆస్ట్రకాడ్లు హాయిగా ఈదుతున్నాయి. డెల్టాలో ఏ వరిచేలో దోసెడు నీళ్లు ముంచినా ఇవి ఉంటాయి. మంచినీటి జాతుల్లో చాలావాటి గుడ్లు ఎండిపోయినా చావవు. దుమ్ముతో గాలికి ఎగిరిపోతాయి, కొంగల కాళ్లకు అంటుకుని చెరువులు మారతాయి. కొన్ని జాతుల్లో మగవాటి అవసరమే లేదు, ఒక్క గుడ్డు చేరితే చాలు, కొత్త మడుగు నిండిపోతుంది. లావా చల్లారిన నేల మీద నిలిచిన ప్రతి వాననీటి గుంటలోకీ ఇవి అంత త్వరగా వ్యాపించడానికి కారణం ఇదే. అదే గుణం ఇవాళ నా నమూనాలోకి కొత్త ప్రాణిని తెచ్చి పెట్టింది.

జి-10 నుంచి జి-18 దాకా ఆ తొట్టి నీళ్లతోనే కడిగాం. తొమ్మిది నమూనాలు, పన్నెండు రోజుల పని. ఏరిన స్లైడులన్నీ పక్కన పెట్టేశాను. సంచుల్లో మిగిలిన మట్టితో మళ్లీ మొదటి నుంచి. మా విద్యార్థి అన్నాడు: "మేడం, కొత్తవి మెరుస్తాయి, పాతవి మసకగా ఉంటాయి కదా. మెరిసేవి తీసేస్తే సరిపోదా?" సరిపోదు. ఖాళీ చిప్పగా మారి, ఎండి, మసకబారిన కొత్త పెంకు కూడా ఉండొచ్చు. ఏది ఏదో నేను ప్రమాణం చేసి చెప్పలేనప్పుడు ఆ స్లైడు మీద నా సంతకం ఉండకూడదు.

జనవరి 2

కుళాయికి సన్నటి వడపోత గుడ్డ బిగించాం, చివరి కడుగు మరిగించి చల్లార్చిన నీళ్లతో. ఒక్కో నమూనా అయ్యాక జల్లెడను మిథిలీన్ బ్లూ ద్రావణంలో ముంచుతున్నాం. కన్నాల్లో ఇరుక్కున్న పెంకులకు నీలిరంగు పడుతుంది. తర్వాతి నమూనాలో నీలి పెంకు కనిపిస్తే అది ముందు నమూనాదని తెలిసిపోతుంది. పాత పద్ధతి, ఇప్పటికీ దీన్ని మించింది లేదు.

ఇవాళ కె-4లో రెండు నీలి బద్దలు దొరికాయి. తీసేశాం. అంటే డిసెంబర్‌లో రంగు వేయకుండా కడిగిన వాటిలో ఎన్ని అటూ ఇటూ మారాయో! జి-1 నుంచి జి-9 కూడా మళ్లీ కడగాలని నిర్ణయించాను. పిల్లలు నోరెత్తలేదు, కానీ సాయంత్రం టీ దగ్గర ఎవరూ మాట్లాడలేదు.

జనవరి 11

పండక్కి ఊళ్లకు వెళ్లేలోపు జి-7 లెక్క ముగించాలని కూర్చున్నాం. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది, అందుకే కాస్త నిదానంగా రాస్తాను.

ఆస్ట్రకాడ్ పెరగాలంటే కుబుసం విడవాలి. మేం చూస్తున్న గుంపులో ఎనిమిదిసార్లు విడిచి తొమ్మిదో దశలో పెద్దదవుతుంది. విడిచిన ప్రతిసారీ పాత చిప్పల జంట అడుగున పడిపోతుంది, కొత్త జంటకు కావలసిన సున్నాన్ని చుట్టూ ఉన్న నీటి నుంచే తీసుకుని కొద్దికాలంలోనే కట్టుకుంటుంది. అంటే ఒకే ప్రాణి జీవితకాలంలో పద్దెనిమిది బద్దల దాకా మట్టికి ఇవ్వగలదు. శిలాజాలు ఇంత దండిగా దొరకడానికి ఇదొక కారణం. పిడికెడు మట్టిలో వందలు ఉండొచ్చు. చమురు బావుల నుంచి పైకి వచ్చే రాతి నలుసుల్లో డైనోసార్ ఎముక ఎప్పటికీ చెక్కుచెదరకుండా రాదు, ఆస్ట్రకాడ్ మాత్రం వస్తుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో రాజోలు ప్రాంతాన భూగర్భంలో ఇవే లావాలు ఉన్నాయి. అక్కడ బావుల్లోని పొరల వయసు చెప్పడానికి ఇలాంటి సూక్ష్మ శిలాజాలే ఆధారం.

ఒక్కో కుబుసానికి ఒంటి ఘనపరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. పొడవు మాత్రం సుమారు 1.26 రెట్లే పెరుగుతుంది, రెండుకు ఘనమూలం అదే కదా. పెద్దది 0.80 మి.మీ. ఉంటే దాని ముందు దశ 0.63, అంతకు ముందు 0.50, ఇంకా ముందు 0.40. ప్రతి బద్ద పొడవూ ఎత్తూ కొలిచి గ్రాఫు కాగితం మీద చుక్క పెడితే చుక్కలు గుంపులు గుంపులుగా, మెట్లలా పేరుకోవాలి.

జి-7కి అలాగే పేరుకున్నాయి. నున్నటి గుండ్రని జాతి ఒకదానికి ఐదు మెట్లు స్పష్టంగా తేలాయి. ఎడమ బద్దలూ కుడి బద్దలూ దాదాపు సమానం. నిండు గింజలూ తగినన్ని. దీని అర్థం, ఇవి ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇక్కడే చచ్చాయి. వేరేచోటి నుంచి నీళ్లు తోసుకొచ్చి ఉంటే బరువును బట్టి, ఆకారాన్ని బట్టి ఏరుకుని తెచ్చేవి. ఏదో ఒకటి రెండు మెట్లే మిగిలేవి.

కె-6లో మాత్రం అదే జాతి పెద్ద బద్దలే ఉన్నాయి. పిల్లలు లేవు. ఎడమవి కుడివాటికి రెట్టింపు. అంచులు అరిగాయి. పెరాక్సైడ్ తగలని నమూనా అది, కాబట్టి తప్పు మాది కాదు. అవి కొట్టుకొచ్చినవే.

పేరు చూస్తే రెండింటిలో ఒకే జాతి ఉంది. పట్టికలో ఒకే వరసలో రెండు టిక్కులు పెట్టేయవచ్చు. కానీ ఒకచోట ఊరుంది, ఇంకోచోట ఆ ఊరి నుంచి ఏటిలో కొట్టుకుపోయిన సామాను ఉంది.

జనవరి 27

పేర్ల పని. తెలిసిన వర్ణనలన్నీ ముందు పెట్టుకుని ఒక్కో బద్దనూ పోల్చుకుంటున్నాం. గౌరీపట్నం దగ్గరి దుద్దుకూరు ఊరి మట్టిలోని ఆస్ట్రకాడ్ల మీద 1970ల నుంచే పని జరిగింది. ఇక్కడి ఫొరామినిఫెరా మీద అంతకు ముందే, 1930ల్లో, ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు రాశారు. మన ప్రాంతపు మట్టి గురించి మనవాళ్లు ఇంత ముందే శ్రద్ధ పెట్టారని పిల్లలకు చెప్పినప్పుడు నాకు గర్వంగా అనిపించింది.

ఇంకా వెనక్కి వెళ్తే కథ నిర్మల్ వైపు నడుస్తుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న మాల్కమ్‌సన్ గోదావరికి ఉత్తరాన సిచెల్ కొండల్లో తిరిగి, నల్లరాళ్ల మధ్య చిక్కిన గుల్లల్ని ఏరి లండన్ పంపాడు. 1840లో ఆయన వ్యాసంతో పాటు సోవెర్బీ ఆ శిలాజాలను వర్ణించాడు. వాటిలో ఒక చిన్న గుండ్రటి ఆస్ట్రకాడ్‌కు సైప్రిస్ సబ్‌గ్లోబోసా అని పేరు పెట్టాడు. తర్వాత ఏమైందంటే, భారతదేశంలో ఇవాళ చెరువుల్లో ఈదే గుండ్రటి ఆస్ట్రకాడ్‌కు కూడా జనం అదే పేరు తగిలించారు. కోట్ల ఏళ్ల నాటి శిలాజం, నిన్నటి చెరువు ప్రాణి, రెండూ ఒకే పేరు కింద శతాబ్దంన్నర నడిచాయి. 2003లో అసలు నమూనాలను మళ్లీ పరీక్షించి చిక్కు విప్పారు. శిలాజం పారాసైప్రెట్టా అనే ప్రజాతికి చేరింది.

డిసెంబర్‌లో మా తొట్టిలోంచి వచ్చిన మెరిసే గింజను నేను దాచి ఉంచాను. ఇవాళ దాన్ని పారాసైప్రెట్టాను పోలిన మా జి-7 బద్ద పక్కన పెట్టి పిల్లలకు చూపించాను. బయటి ఆకారం మాత్రమే చూస్తే ఎవరైనా పొరబడతారు. లోపలి అంచు, కండరపు మచ్చలు చూడండి అన్నాను. అరగంట తలెత్తలేదు ఇద్దరూ.

ఫిబ్రవరి 8

ఉప్పునీటి సంగతి తేలుతోంది. గౌరీపట్నం మధ్యభాగంలో నియోసైప్రిడైస్‌ను పోలిన బలమైన పెంకులు గుంపులుగా ఉన్నాయి. కయ్యల్లో, అంటే నది నీరూ సముద్రపు నీరూ కలిసేచోట, బతికే ప్రజాతి అది. దాని దగ్గరి బంధువు సైప్రిడైస్ టొరోసా ఇవాళ్టికీ ఉప్పుకయ్యల్లో ఉంది. నీటిలో ఉప్పదనం బాగా తగ్గితే దాని పెంకు మీద బుడిపెలు లేస్తాయి.

ఈ నియోసైప్రిడైస్ గురించి నన్ను ఎప్పుడూ కదిలించే విషయం ఒకటుంది. మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లా ఝిల్‌మిలీలో, మనకు ఆరు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, దేశం నడిబొడ్డున, దక్కన్ లావాల మధ్య ఒక మట్టి పొర ఉంది. దాని కిందా పైనా మంచినీటి జాతులు. నడుమ కొద్దిపాటి మందంలో మాత్రం దుద్దుకూరులో దొరికిన అదే నియోసైప్రిడైస్ జాతి, దానితోపాటు సముద్రంలో తేలే ఫొరామినిఫెరా. ఉప్పునీరు ఏదో దారిన అంత లోపలికి చేరిందన్నమాట. ఆ ఫొరామినిఫెరా వినాశనం తర్వాతి తొలి కాలానివి. ఇక్కడి పొరల్లో దొరికేవీ ఆ కాలానివే. కాబట్టి రాజమహేంద్రవరం మట్టినీ ఛింద్వాడా మట్టినీ ఒకే కాలపు గీత కిందికి తేగలిగారు. ఆస్ట్రకాడ్ ఒక్కటే ఉంటే ఈ మాట అనలేం, ఉప్పునీరు అని మాత్రమే అనగలం. ఫొరామినిఫెరా తోడు వచ్చింది కాబట్టి కాలం తేలింది.

మా 38 మైక్రాన్ల పొడిలో జి-5, జి-6ల నుంచి ఏడెనిమిది చిన్న ఫొరామినిఫెరా ఏరాం. వాటి మీద పట్టున్న ఒక పెద్దాయనకు ఫొటోలు పంపాను. తొలి డేనియన్, అంటే వినాశనం వెంటనే వచ్చిన కాలపు, రూపాలను పోలి ఉన్నాయి, మరికొన్ని కావాలి అన్నారు. ఇంకో 500 గ్రాములు కడుగుతున్నాం.

ఫిబ్రవరి 20

గోడకు పొడవాటి కాగితం అంటించి రెండు చోట్ల పొరల పటాలూ పక్కపక్కన గీశాం. అడుగున కింది లావా, పైన పై లావా, మధ్యలో ఒక్కో నమూనాకు ఒక గీత, దాని పక్కన ఏ జాతి ఎన్ని.

నేను టీకి వెళ్లి వచ్చేసరికి మా విద్యార్థి గౌరీపట్నంలో ఉప్పునీటి పెంకులు మొదలైన చోటి నుంచి కాతేరులో అవి మొదలైన చోటికి చక్కటి గీత గీసేశాడు. "కలిసిపోయింది మేడం!" ఆనందం దాచుకోలేకపోయాడు. ఆ గీతను నేను చెరిపించాను. ఎందుకో ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపు నాకే ఆశ పుట్టినప్పుడు చదువుకోవడానికి.

ఇవాళ్టి గోదావరినే చూడండి. ఈ రోజు, ఈ గంటలో, రాజమహేంద్రవరం దగ్గర నీరు తియ్యన. కోరింగ మడల్లో నీరు ఉప్పన. రెండుచోట్లా ఇప్పుడు చస్తున్న ఆస్ట్రకాడ్లు వేరు, కానీ కాలం ఒకటే. రేపు తీరం నాలుగు కిలోమీటర్లు లోపలికి జరిగితే ఉప్పునీటి జాతి ఇంకో ఊరికి చేరుతుంది. అప్పుడు జాతి అదే, కాలం వేరు. ఒకే పెంకు రెండుచోట్ల దొరికితే ఒకే రకం నీరు ఉందని చెప్పవచ్చు. ఒకే రోజు ఉందని ఆ పెంకు ఒక్కటే ఎప్పటికీ చెప్పదు.

మరి కాలాన్ని చెప్పేవి ఏవి? ఒకటి, లావాలే. ఇక్కడి లావాల రసాయనిక కూర్పు పశ్చిమ కనుమల్లోని అంబెనలి, మహాబలేశ్వర్ లావాలతో సరిపోలుతుంది. పాత లోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరాయన్నది గట్టి వాదన. అలాంటి లావా పొర నదికి రెండువైపులా దాదాపు ఒకేసారి పరుచుకుని ఉంటుంది. కింది లావా చల్లారినప్పుడు భూమి అయస్కాంత దిశ ఇప్పటికి వ్యతిరేకంగా ఉంది, పై లావా నాటికి తిరిగి ఇప్పటిలా మారింది. మా మట్టి మొత్తం ఆ రెండు తలుపుల మధ్య ఉంది. రెండు, తేలే ఫొరామినిఫెరా. సముద్రం ఒక్కటే కాబట్టి అవి త్వరగా అంతటా వ్యాపిస్తాయి. ఆస్ట్రకాడ్లు చేసే పని ఈ రెండు తలుపుల మధ్య గదిని అరలుగా విభజించడం. దానికి ఒక్క జాతి చాలదు, మార్పుల వరస కావాలి. మంచినీరు, ఆపైన కయ్య, ఆపైన ఆలిచిప్పలతో నిజమైన సముద్రపు జాతులు, మళ్లీ కయ్య, చివరికి కారా నాచు కాయలతో మంచినీరు, ఆపైన ఏమీ లేని ఎర్రమట్టి. రెండుచోట్లా ఈ వరస ఇదే క్రమంలో వస్తే, ప్రతి మెట్టులోనూ పెంకులు అక్కడే బతికినవని పిల్ల పెంకుల లెక్క రుజువు చేస్తే, అప్పుడు గీత గీయవచ్చు. అది కూడా వరసలో శిఖరం దగ్గర, అంటే సముద్రం అన్నిటికన్నా లోపలికి వచ్చిన చోట. సముద్రం పూర్తిగా ఎక్కిన సమయం రెండు ఊళ్లకూ దగ్గర దగ్గరగా ఉంటుంది. ఉప్పునీరు తొలిసారి తగిలిన సమయం ఉండనక్కర్లేదు.

విద్యార్థి మౌనంగా విన్నాడు. కాసేపటికి, "అయితే కె-6 బద్దల్ని అసలు లెక్కలోకి తీసుకోకూడదు కదా మేడం, అవి కొట్టుకొచ్చినవి" అని తనే అన్నాడు. ఈ మూడు నెలల్లో నాకు ఇంత సంతోషం కలిగించిన మాట ఇంకొకటి లేదు.

ఫిబ్రవరి 24

ఆ లెక్క ప్రకారం మళ్లీ చూశాం. గౌరీపట్నంలో శిఖరం జి-9 దగ్గర: సైథెరెల్లాను పోలిన సముద్రపు పెంకులు, అన్ని మెట్లూ ఉన్నాయి. కాతేరులో ఆ వరసకు అడుగున కె-7 కయ్య, పైన కె-9లో మళ్లీ కయ్య. శిఖరం ఉండాల్సింది ఆ రెంటి మధ్య. కె-8 మట్టి తీసిన చోటికి సరిగ్గా పైనే నా నోట్సులో ఎర్రగీత ఉంది, డిసెంబర్ 5న వదిలేసిన 40 సెం.మీ. ఖాళీ.

కె-8లో సముద్రపు బద్దలు మూడున్నాయి. మూడూ పిల్ల పెంకులే. ఒక గీత గీయడానికి మూడు చాలవు.

కాబట్టి పటం మీద జి-9 నుంచి కాతేరు వైపు చుక్కల గీత గీశాం, దాని చివర కె-8 మీద కాకుండా ఖాళీ మీద ప్రశ్న గుర్తు పెట్టాం. కిందా పైనా లావాల దగ్గర మాత్రమే నిండు గీతలు.

మార్చి 3

రేపు ఉదయం కాతేరు. ఈసారి రెండు పారలు, ఒక గునపం, కొత్త సంచులు పదహారు. జారిన మట్టిని పూర్తిగా తీసేదాకా వెనక్కి రాం. ఖాళీని 20 కాకుండా ప్రతి 5 సెం.మీ.కు ఒక నమూనాగా తీయాలని విద్యార్థిని పట్టుబట్టింది, ఒప్పుకున్నాను. నీళ్లు ముందే మరిగించి, వడపోసి, డబ్బాల్లో నింపి పెట్టాం. జల్లెడలకు రంగు కూడా కలిపి ఉంది.